నమూనా దుబ్బు

వట్టివేళ్ళ తడక మీద నీళ్ళు చల్లితే లేచే వాసనలో పెరిగినదాన్ని నేను. భవానీపూర్ బజారు సందులో మా నాన్న కొట్టు: చీపుళ్ళు, చాపలు, కొబ్బరితాళ్ళు, వెదురుబుట్టలు, నిచ్చెనలు, ఎండలు ముదిరితే గుమ్మాలకి కట్టుకునే తడకలు. శ్రీకాకుళం సముద్రపొడ్డు నుంచి ఓడరేవులో మూటలు మొయ్యడానికి వచ్చినవాడు, నడుం పట్టేశాక చీపుళ్ళ కొట్టు పెట్టుకున్నాడు. అటు గుజరాతీవాళ్ళ బట్టలకొట్టు, ఇటు బెంగాలీవాళ్ళ ఇత్తడి సామాన్లు, ఎదురుగా పంజాబీవాళ్ళ ట్రంకుపెట్టెలు. పలక మీద అక్షరాలు దిద్దకముందే నాకు నాలుగు భాషల్లో "గిట్టదు" అనడం వచ్చు.

ఇప్పుడు ఆ కొట్టు నాది. ఏసీలు వచ్చాక తడకలు అడిగేవాళ్ళు తగ్గారు. అయినా కూలర్లకి కొనేవాళ్ళున్నారు. సాల్ట్ లేక్‌లో కాఫీకొట్లు పెట్టిన కుర్రాళ్ళు మంచినీళ్ళ కుండలో వెయ్యడానికి చిన్న కట్టలు పట్టుకెళతారు.

బేరం నాకు ఒంటికి పట్టిన జబ్బు. ఆస్పత్రిలో పురిటినొప్పులు పడుతూ కూడా గది అద్దె తగ్గించమని అడిగానని మా ఆయన అందరికీ చెబుతారు. అది అబద్ధం. నొప్పులు మొదలవకముందే అడిగాను.

మా ఆయన రేవులో క్రేను నడిపేవారు. కిదిర్‌పూర్ రేవు క్వార్టర్లలో పుట్టిన మనిషి, నాగలి పట్టి ఎరగరు. కానీ వాళ్ళ నాన్న ఊళ్ళో పొలం అమ్ముకుని వచ్చినవాడు, ఆ పొలం సంగతి చెప్పుకుంటూనే పోయాడు. అది ఈయనలో ఎక్కడో మిగిలిపోయింది. రిటైరైన రోజు దండ తీసి మేకుకి తగిలించి నాతో అన్నారు. "ముప్పయ్యేళ్ళు ఎత్తినాను, దించినాను. అందులో ఒక్కటీ నాను పండించింది కాదు. ఓ పంట తీయాలే. ఒక్కటి సాలు."

ఆయన అడిగింది జీవితంలో అదొక్కటే. అందుకే నేల కొనే పని నేను నెత్తిన వేసుకున్నాను. అక్కడే వచ్చింది చిక్కు.

హౌరాలో లోకల్ ఎక్కితే గంటన్నర. స్టేషన్ నుంచి టోటో అనే బ్యాటరీ రిక్షాలో ఇంకాస్త. గంగ ఒడ్డున ఇటుకబట్టీల పొగగొట్టాలు వరసగా కనిపించే చోట చిన్న ముక్క. అమ్మేవాడు గొడుగు చంకలో పెట్టుకున్న పెద్దమనిషి. మా బజారు పద్ధతి ప్రకారం సరుకు నచ్చినట్టు కనబడకూడదు, ముందు వంకలు పెట్టాలి. నేల గురించి నాకు ఏ మాత్రమూ తెలియదు. అయినా పెట్టాను.

"నేల ఇలా తెల్లగా పాలిపోయిందేం, దాదా?" అన్నాను. ఆయన తల దించుకుని ధర దించాడు.

"ఇటుకముక్కలు ఉన్నాయే." ఇంకా దించాడు.

"పొలం అంతా ఆ పక్క గోతివైపు ఒరిగిపోయినట్టుందే." ఆయన గొడుగు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చి మళ్ళీ దించాడు.

తిరుగు రైల్లో నా గొప్ప నేనే చెప్పుకుంటూ కూర్చున్నాను. మా ఆయన కిటికీలోంచి చూస్తూ వేరుశెనగకాయలు వొలుచుకున్నారు. నేను పెట్టిన ప్రతి వంకా నిజమని నాకు తెలీదు. ఆ గొడుగాయనకి తెలుసు.

మొదటి వానకే తెలిసొచ్చింది. ఆ పెద్దమనిషి ఏళ్ళ కిందటే పొలం పైమట్టి బట్టీవాళ్ళకి అమ్ముకున్నాడు. మనిషి నడుమెత్తు మట్టి తవ్వుకెళ్ళి ఇటుకలు కాల్చేశారు. మిగిలింది కింద ఉండే జేడిమట్టి. ఎండితే అరచేయి పట్టేంత పగుళ్ళు, తడిస్తే సబ్బు. పక్క పొలం మొత్తం తవ్వేసి పెద్ద గొయ్యి చేశారు. వాన పడితే మా ముక్క మీదుగా నీళ్ళు బురద ఊడ్చుకుంటూ ఆ గోతిలోకి దూకేవి, వాటితోపాటు మా గట్టు అంచు కూడా పెళ్ళలుగా విరిగి పడేది. మా వ్యాపారంలో బస్తా పైన మంచి సరుకు పోసి అడుగున తాలు నింపుతారు. అందుకని అడుగుదాకా చెయ్యి పెట్టి చూడడం నేర్చుకున్నాం. నేల తలకిందుల బస్తా. మంచి సరుకు పైనే ఉంటుంది, దాన్ని ముందే ఎత్తుకెళ్ళారు.

ఆ ఏడు మా ఆయన వేసిన బెండ మొలిచి, జానెడు లేచి, పండుబారి చచ్చింది. బట్టీ మేనేజరు మోటారుసైకిలు గట్టు మీద ఆపి, వదినా అని వరస కలిపి, చాలా మర్యాదగా అడిగాడు. "బౌదీ, మిగతాది కూడా మాకిచ్చెయ్యండి. మేం కింద మట్టి కూడా వాడుకుంటాం. ఎలాగూ జారిపోతుంది కదా."

నేను ధర అడగబోతుంటే మా ఆయన అడ్డొచ్చారు. "మూడు వానాకాలాలు సూత్తాను. అప్పటికీ ఈ నేల నిలబడకపోతే ఇచ్చీద్దాం." నాతో తర్వాత విడిగా చెప్పారు. "అంతకన్నా ఎక్కువ నా మోకాళ్ళు ఊరుకోవు." క్రేను నిచ్చెన ఎక్కి దిగి అరిగిన మోకాళ్ళు. కూర్చుంటే లేవడానికి నా భుజం కావాలి.

మూడు వానాకాలాలు. నేను చేసిన బేరానికి ఆయన పెట్టిన గడువు.

మా ముక్కకి పైన, ఇంకా తవ్వకుండా మిగిలిన పొలం ఒక ముసలావిడది. ఊరంతా మాషిమా, అంటే పిన్ని, అంటారు, మేమూ అదే అన్నాం. డెబ్బై దాటిన మనిషి, తెల్లచీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టి నడుం వంచకుండా నడుస్తుంది. ఒకరోజు మా గట్టు మీద నిలబడి మా ఆయన తవ్వుతున్న పాదుల్ని చూసింది.

"ఏం వేస్తున్నావు, బౌమా?" అని కోడల్ని పిలిచినట్టు పిలిచి నన్నడిగింది.

"కూరగాయలు, మాషిమా."

"కూరకి మట్టి కావాలి. ఇది మట్టి కాదు, మట్టి ఎముక."

మర్నాడు నెత్తి మీద పెద్ద గడ్డిమోపుతో దిగింది. కాలవగట్టు మీద పెరిగే బేనా గడ్డి అట. పొడుగ్గా, కత్తిలా అంచులున్న ఆకు. "నీళ్ళు పారే దారికి అడ్డంగా వరసలు పెట్టు. దగ్గరదగ్గరగా, పిడికిలి పట్టేంత ఎడం చాలు. గోతి అంచున వెదురు వెయ్యి."

"ఎంతకిస్తారు?" అన్నాను. నా నోరు నా కంటే ముందు లేస్తుంది.

"ఊరికే."

ఊరికే వచ్చినదాన్ని నమ్మే ఇంట్లో పెరగలేదు నేను. దీని వెనక ఏదో ఉందని ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయనతో అన్నాను. ఉంది కూడా. తర్వాత తెలిసింది, మా నేల కిందికి పోయిన దగ్గర్నుంచీ ఆవిడ పొలం అంచు కూడా ప్రతి వానకీ కోసుకుపోయి మా మీదుగా గోతిలో పడుతోంది. ఆవిడ మట్టి ఆగాలంటే మా నేల మీద గడ్డి నిలవాలి. నేను ఆ మాట అడిగేస్తే పళ్ళులేని నోటితో నవ్వింది. "బజారులో పుట్టినవాళ్ళకే వచ్చనుకున్నావా, బౌమా?"

నాటే రోజు కాలవలో దుబ్బుల్ని కడిగి పిలకలు విడదీస్తున్నాను. బురద పోయి పచ్చి వేళ్ళు బయటపడ్డాయి. చెయ్యి ముక్కు దగ్గరికి తెచ్చుకున్నానో లేదో, కాలవగట్టు మీద మా కొట్టు తెరుచుకుంది. నాన్న తడకలు తడుపుతున్న మధ్యాహ్నాలు. వట్టివేరు. నలభయ్యేళ్ళు దాని వేళ్ళు తూచి అమ్మాను, దాని ఆకు ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు. ఎండిన కట్టలే వచ్చేవి, వాటికో పైభాగం ఉంటుందని నాకు తట్టనే లేదు. కాలవలో మోకాళ్ళ దాకా నిలబడి, ముక్కు దగ్గర గడ్డి పెట్టుకుని, మళ్ళీ మళ్ళీ వాసన చూశాను.

"ఏటే, ఏటైనాది?" అన్నారు మా ఆయన గట్టు మీంచి.

"ఇది మన సరుకండీ."

"సరుకు కాదే, గడ్డి. ఇలగ తే."

నాలుగు వరసలు పెట్టాం. గోతి అంచున పది వెదురు దుంపలు పాతాం. ప్రతి ఆదివారం చర్చి అవగానే హౌరా, లోకల్, టోటో. మొదటి వానాకాలం గడ్డి బతికింది, అంతే. వెదురు అదీ చెయ్యలేదు. రెండు పుల్లలు పైకి పంపి ఊరుకుంది. నేను పుల్లలు లెక్కపెట్టి, మాషిమా మోసం చేసిందని తీర్పు చెప్పేశాను. ఆవిడ వినిపించుకోలేదు.

రెండో ఏటి వానలకి, ఒక శ్రావణమాసం ఆదివారం, ఒకే గొడుగు కింద ఇద్దరం గట్టు మీద కూర్చుని చూశాం. పైనుంచి నీళ్ళు బురదగా, తొందరగా దిగుతున్నాయి. మొదటి వరస దగ్గరికి వచ్చి ఆగాయి. నిజంగా ఆగాయి. మా కొట్టులోకి వచ్చినవాళ్ళు గుమ్మం దగ్గర చెప్పులు విప్పడానికి ఆగినట్టు ఆగి, వెడల్పుగా పరుచుకుని, గడ్డి సందుల్లోంచి ఒక్కొక్క పాయగా అవతలికి వచ్చాయి. అవతలికి వచ్చినప్పుడు తేటగా ఉన్నాయి. మోసుకొచ్చిందంతా వరస వెనక దించేశాయి. నాలుగో వరస దాటాక గోతిలోకి జారిన నీళ్ళలో గోతి అడుగు కనిపించింది. ఎవరూ ఏమీ చెయ్యలేదు. గడ్డి నిలబడింది, అంతే. నీళ్ళు పోయాయి, మట్టి కూర్చుంది.

ఆ వానాకాలం చివరికి ఒక్కో వరస వెనక నాలుగు వేళ్ళ మందాన నల్లమట్టి చేరింది. మా ఆయన దాని మీద నడవడానికి ఒప్పుకోలేదు, నన్నూ నడవనివ్వలేదు. వరస చివరిదాకా చుట్టు తిరిగి వెళ్ళేవాళ్ళం, చర్చిలో మధ్యలో లేచినవాళ్ళలా.

ఇక్కడ నా గురించి నిజం చెప్పాలి. ఆశ్చర్యపోవడం వేరు, అమ్ముకోకుండా ఉండడం వేరు. నేను ఆశ్చర్యపోతూనే అమ్మగలను. ఆ చలికాలం ఏ పూట చూసినా నా బుర్రలో ఒకటే: నాలుగు వరసల కింద ఎంత వేరుందో. పెద్ద బజారులో మాకు వట్టివేళ్ళు వేసే హోల్‌సేల్ సేటుని ఒక ఆదివారం వెంటబెట్టుకుని వచ్చాను. ఆయన గడ్డి వైపు చూడలేదు, నేల వైపు చూశాడు. మా జాతి మనిషి.

"నమూనా చూడాలి, బెహన్‌జీ," అన్నాడు.

నమూనా చూపించడం మా వ్యాపారంలో ధర్మం. నూరు చాపల కట్టలోంచి ఒకటి తీసి ఇస్తాం. నమూనా కొనేవాడే పట్టుకుపోతాడు, తిరిగి అడగం. ఒక చాప పోతే కట్టకి ఏమవుతుంది? రెండో వరస నడిమధ్యలో బాగా బలిసిన దుబ్బు చూపించి, "ఇది తవ్వుకోండి," అన్నాను.

బట్టీలో పనిచేసే ఇద్దరు మనుషులు వెంటనే మొదలుపెట్టారు. దుబ్బు పక్కన గొయ్యి తీసి, కుండతో నీళ్ళు పోస్తూ మట్టి కడిగి వేళ్ళు బయటపెట్టడం పద్ధతి. మోకాలు లోతు వెళ్ళారు, వేళ్ళు కిందికే ఉన్నాయి. నడుము లోతు వెళ్ళారు. అక్కడ మొదలైంది అసలు జేడిపొర. గునపం వేస్తే ఖంగుమని ఎగిరి పడింది. ఆ పొరలోకి, సూది దిగని చోటికి, దారాలు దిగి ఉన్నాయి. వందల దారాలు, నిటారుగా, ఒకదానికొకటి అడ్డురాకుండా, ఎవరో పైనుంచి మగ్గానికి పడుగు కట్టినట్టు. ఒక వేరు పక్కన సన్నటి చెమ్మగీత, ఆ గీత వెంట ఒక వానపాము. ఆ ఎముకలోకి ప్రాణం అలా దారి చేసుకుంటోంది.

మా ఆయన ఆగలేక గోతిలోకి దిగారు. భుజాల దాకా మునిగారు. ఒక వేరుని చేతివేళ్ళ మధ్య పట్టుకుని దాని వెంట కిందికి తడుముకుంటూ పోయారు, చివరికి చెంప గోడకి ఆనించి, చెయ్యి ఎంత అందితే అంత చాపి.

"కొస దొరకట్లేదే," అన్నారు.

ఆ మాటలో ఏముందో నాకు తెలీదు. గోతి అంచున మోకాళ్ళ మీద వంగి నేనూ లోపలికి చూశాను. ప్రతి ఆదివారం బల్ల మీద మోకరించి, ఎదుటావిడ చీర అంచు వెల కట్టుకుంటూ ఆమెన్ చెప్పినదాన్ని నేను. మట్టిలో ఆ నిలువు దారాల ముందు మాత్రం ఏ వెలా తోచలేదు. మూరలుగా కోసి, కట్టలు కట్టి, చిన్నప్పటి నుంచీ నేను అమ్ముతూ వచ్చినవి నేలని పట్టుకున్న చేతులు.

సేటు గడియారం చూసుకున్నాడు. వేళ్ళు కోయించి, వాసన చూసి, సంచిలో వేసుకుని, "సరుకు బాగుంది, నాలుగు వరసలూ తీసుకుంటాను," అన్నాడు.

"ఆలోచించి చెబుతాను," అన్నాను. అంటే మా భాషలో, ఇంకా పెంచు అని.

రైల్లో మా ఆయన అడిగారు. "పీకీత్తే మట్టి ఏటవుతాది?"

"మళ్ళీ నాటుదుం. పిలకలు ఉన్నాయి కదా."

"రెండేళ్ళు మళ్ళీ అవుద్ది."

"అవుద్ది. అయితే ఏటి?"

"ఆ సంగతి నా మోకాళ్ళకి కూడా సెప్పు," అని కిటికీ వైపు తిరిగారు. ఆయనకి కోపం వస్తే గొంతు పెరగదు, ముఖం తిరుగుతుంది.

వేసవి అంతా సేటూ నేనూ ఫోన్లో గుంజులాడుకున్నాం. ఆయన కొంచెం ఎక్కేవాడు, నేను దిగేదాన్ని కాదు. నాలుగు వరసలూ పోయేటప్పుడు ఒక్క దుబ్బు కోసం గొయ్యి సరిగా పూడ్చడం ఎందుకని, తవ్విన మట్టి పైపైన తోసి వదిలేశాను. మాషిమా రెండుసార్లు ఆ ఖాళీ చూపించింది. "బౌమా, అక్కడ ఒక పిలక పెట్టు." పెడతానన్నాను. ఆవిడ తన పొలం అంచున ఉన్న మొదటి వరసలో చచ్చిన పిలకల చోట కొత్తవి పెట్టుకుంటూ పోయింది.

మూడో వానాకాలం, ఆఖరి గడువు, ఆషాఢంలో మూడు రోజుల ముసురుతో దిగింది. మూడో రోజు ఉదయం మాషిమా మనవరాలి ఫోన్ నుంచి మాట్లాడింది. "మీ తలుపు తెరుచుకుంది. రండి." గంగ దాటే లాంచీలు ఆపేశారు. బస్సులో వంతెన మీంచి హౌరా చేరి, ఆగి ఆగి నడిచిన లోకల్లో వెళ్ళేసరికి మధ్యాహ్నం.

తలుపే. మొదటి వరస దాటిన నీళ్ళు రెండో వరస వెనక చెరువులా నిలిచి, ఆ ఒక్క దుబ్బు లేని చోటుని వెతుక్కుని పట్టుకున్నాయి. నేను వదిలిన ఖాళీ రెండు జానలు. ఇప్పుడు ఇద్దరు మనుషులు దూరేంత. రెండేళ్ళుగా కూర్చున్న నల్లమట్టి పెళ్ళలు పెళ్ళలుగా తెగి ఆ తలుపులోంచి వెళ్ళిపోతోంది. శబ్దం కూడా లేదు. ఎవరో సామాను సర్దుకుని ఇల్లు ఖాళీ చేస్తున్నట్టు.

నూరు చాపల్లో ఒకటి తీస్తే తొంభైతొమ్మిది చాపలు ఉంటాయి. వరసలో ఒకటి తీస్తే వరస ఉండదు. ఇంత చిన్న లెక్క, లెక్కల్లో పెరిగినదాన్ని, నాకు తప్పింది.

మా ఆయన నాకంటే ముందు దిగి ఆ తలుపులో కూర్చుండిపోయారు. ఆ మోకాళ్ళతో, నీళ్ళకి వీపు పెట్టి. "గోనెలు తే," అన్నారు. కొట్టు నుంచి తెచ్చిన గోనెల్లో బురద నింపి ఆయన రెండు పక్కలా కూరాను. అవీ జారాయి. చివరికి నేనూ పక్కన కూర్చున్నాను. ఇద్దరు మనుషులం, నిండు బరువులం, మడమలు గుచ్చి కూర్చున్నా మా కింద మట్టి కరిగిపోవడం తెలుస్తూనే ఉంది. నా ఎడం మోచెయ్యి పక్కనే ఉన్న దుబ్బు మీదుగా అవే నీళ్ళు పొర్లుతున్నాయి. ఆకులు పూర్తిగా వంగిపోయాయి. దుబ్బు మాత్రం వెంట్రుకవాసి కదల్లేదు. నేను దాన్ని పట్టుకున్నాను, ఆధారానికి. గడ్డిని పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు ఆ గోతిలో చూసిన దారాలు ఒంట్లోకి తెలిశాయి. నేను పైన వణుకుతున్నాను, అది కిందెక్కడో, చెయ్యి అందని చోట, దేన్నో పట్టుకుని ఉంది.

"నాలుగు వరసలూ అమ్మీద్దునే నాను," అన్నాను వానలోకి.

"తెల్సు," అన్నారు. మడమలు మళ్ళీ గుచ్చి, "ఎంతకేటి?" అన్నారు.

చెప్పాను. ఆయన ఆ బురదలో నవ్వారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా బేరానికి ఆయన నవ్వడం అదే మొదటిసారి.

సాయంత్రానికి వాన తగ్గింది. నీళ్ళు తీశాక లేచి చూస్తే, తలుపు ముందు భాగం గుల్లయిపోయింది. అంతా పోయిందనుకుని దిగువకి నడిచాం. మూడో వరస దగ్గర ఆగిపోయాం. పైనుంచి కొట్టుకొచ్చిన నల్లమట్టి గోతిలోకి పోలేదు. మూడో వరస వెనక విసనకర్రలా పరుచుకుని, మా చీలమండ మునిగేంత మందాన కూర్చుని ఉంది. గోతి అంచున వెదురు, రెండేళ్ళు రెండు పుల్లలతో నన్ను వెక్కిరించిన వెదురు, ఈ ముసురులో కొత్త కొమ్ములు తోసింది. నా చేతి మణికట్టంత లావున్న కొమ్ములు, ఊదారంగు పొర కప్పుకుని, నేలని చీల్చుకుని నిలబడి ఉన్నాయి. ఆ పొద్దున మోకాలి ఎత్తున్న కొమ్ము ఇప్పటికి నడుము దాటిందని మాషిమా చేత్తో కొలిచి చూపించింది. అంచు ఒక్క పెళ్ళ విరగలేదు. పక్క పొలాల అంచులన్నీ గోతిలో పడి ఉన్నాయి.

మా ఆయన వంగి మూడో వరస వెనక మట్టి గుప్పెడు తీశారు. పిసికారు. ముద్ద అయింది, వదిలితే విడిపోయింది. సబ్బు కాదు.

"ఇక్కడ ఏస్తాను," అన్నారు.

ఆ వారమే నమూనా తలుపులో ఆరు పిలకలు పెట్టాం, పిడికిలి ఎడంలో. గుల్లైన చోట నింపడానికి రెండు బళ్ళ మట్టి కొందామన్నాను, బట్టీవాళ్ళ దగ్గర కుప్పలుంది, తగ్గించి తెస్తానని. "కొనొద్దు," అన్నారు. "అదే వత్తాది." మేనేజరు గడువు గుర్తుపెట్టుకుని వచ్చాడు. మోటారుసైకిలు గట్టు మీద ఆపి, తన గోతిలో కూలిన మిగతా అంచుల్నీ మా అంచునీ మార్చి మార్చి చూశాడు. ఏమీ అడక్కుండా బండి తిప్పుకున్నాడు. నాలుగు రోజుల తర్వాత సేటు ఫోన్ చేసి, వేసవంతా నేను పట్టుబట్టిన ధరకి పూర్తిగా ఎక్కాడు. నా వ్యాపారంలో ఎవరూ అంత దూరం నా దగ్గరికి రాలేదు. నోరు సరే అనబోయినమాట నిజం.

"సరుకు లేదు సేట్‌జీ," అన్నాను.

"నేను కళ్ళారా చూశాను కదా, బెహన్‌జీ."

"ఉంది. పనిలో ఉంది."

భాద్రపదంలో మా ఆయన బొబ్బర్లు వేశారు. కింద కూర్చోలేరు కాబట్టి మా కొట్టు నుంచి మోడా అనే వెదురుపీట ఒకటి తీసుకెళ్ళి, దాని మీద కూర్చుని, వేలితో గుంట చేసి, గింజ వేసి, మూసి, మోడాని జానెడు జరుపుకుని మళ్ళీ. నాలుగు ఆదివారాలు చర్చి ఎగ్గొట్టారు, పాస్టరుగారికి నేను జవాబు చెప్పుకున్నాను. మొలకలు లేచిన రోజు ఒకదాని దగ్గర అరగంట కూర్చున్నారు. ఆకు పండుబారలేదు.

కార్తీకంలో కాయలు కోశాం. మాషిమాకి ఆవిడ వాటా ఇచ్చాం, అడగకుండానే ఆవిడ బుట్ట తెచ్చుకుంది. మిగతావి ఆవిడ వాకిట్లో ఆరబెట్టి, అక్కడే ఆవిడ పొయ్యి మీద గుప్పెడు ఉడకబెట్టాను. మా ఆయన గోడకి చేరబడి, గిన్నె ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో గింజా తీసి నోట్లో వేసుకున్నారు. మాషిమా, నేనూ చూస్తూ నిలబడ్డాం. గిన్నె అడుగు కనిపించింది.

"బాగున్నాయా?" అన్నాను ఉండబట్టలేక.

గిన్నె నా చేతికి ఇచ్చారు.

"ఉప్పు తక్కువైనాది," అన్నారు. "ఇంకో గుప్పెడు ఎట్టు."